ఈకలు రాలిన నాట్యం

1935లో ‘టాప్ హ్యాట్’ షూటింగు జరుగుతున్న రోజులు. జింజర్ రోజర్స్ పట్టుబట్టి కుట్టించుకున్న గౌను నిండా నిప్పుకోడి ఈకలు. ఆమెకి జోడీగా ఆడాల్సిన ఫ్రెడ్ ఆస్టేర్‌కి ఆ గౌను చూడగానే ఒళ్ళు మండింది. ఆమె ఒక్క చుట్టు తిరిగితే చాలు, ఈకలు ఊడి గాల్లో తేలేవి, ఆయన నల్లకోటుకి అంటుకునేవి, ముఖం మీద పడేవి. షాటు ఆపడం, ఈకలు ఏరడం, మళ్ళీ మొదలెట్టడం. మాటా మాటా పెరిగింది. చివరికి గౌనే గెలిచింది. తర్వాత ఆస్టేర్ తగ్గి, ఆమెకి ‘ఫెదర్స్’ అని ముద్దుపేరు పెట్టి, బంగారంతో చేసిన చిన్న ఈక ఒకటి కానుకగా పంపాడు.

ఈ కథ నాకు ఎప్పటినుంచో తెలుసు. ఈకలు మాత్రం నేను చూడలేదు. టీవీలోనూ, ఆ తర్వాత మసక ప్రింటుతో వచ్చిన డీవీడీలోనూ ‘చీక్ టు చీక్’ పాటలో ఆయన చేతుల మధ్య తెల్లగా ఏదో తిరిగేది, అంతే. మొన్నామధ్య శుభ్రం చేసిన ప్రింటులో చూస్తే, ఆమె గిర్రున తిరిగిన చోట ఈకలు విడివడి కిందికి దిగడం కంటికి ఆనింది. ఆయన చూసీ చూడనట్టు ఆడుతూనే ఉన్నాడు. ఆమె ముఖంలో అసలు ఆ ఊసే లేదు. అంతకుముందు దాకా వాళ్ళు పోట్లాడుకున్నారని తెలిసిన మనకి ఆ ఉదాసీనత ఎంత బాగుంటుందో!

పాత సినిమాల్ని బాగుచేసి బ్లూ-రేల మీద అమ్మేవాళ్ళు అట్ట మీద రాసేది మెరుపు గురించి. బొమ్మ అద్దంలా ఉంటుందని, రంగులు కళ్ళు జిగేల్‌మనిపిస్తాయని. నిజమే, కాదనను. కానీ ఈ హాలీవుడ్ నాట్య చిత్రాల విషయంలో నాకు దొరికింది మెరుపు కాదు, చాకిరీ. ఆ రోజుల్లో వాళ్ళ పరువంతా కష్టాన్ని కనబడనివ్వకపోవడంలో ఉండేది. వారాల తరబడి సాధన చేసి, అప్పటికప్పుడు తోచి రెండడుగులు వేసినట్టు కనబడాలి. ప్రింట్లు అరిగి, కాపీల మీద కాపీలు తీసి, బొమ్మ అలుక్కుపోయాక ఆ దాపరికానికి కాలం కూడా సాయపడింది. ఇప్పుడు బొమ్మ తేటపడేసరికి దాచిన చాకిరీ బయటపడుతోంది. బయటపడ్డాక నాట్యం తగ్గిపోతుందేమో అనుకుంటాం. తగ్గదు.

నాకీ పిచ్చి అంటించింది కార్టూన్ చానెల్. 1990ల నడుమ మన కేబుల్ టీవీల్లో కార్టూన్ నెట్‌వర్క్ పగటిపూట వచ్చేది. చీకటి పడ్డాక అదే చానెల్ టీఎన్‌టీగా మారి ఎంజీఎం పాత సినిమాలు మొదలయ్యేవి. పిల్లలు టామ్ అండ్ జెర్రీ చూసి అలాగే వదిలేసిన టీవీలో జీన్ కెల్లీ ప్రత్యక్షమయ్యేవాడు. తమాషా ఏమిటంటే 1945లో వచ్చిన ‘యాంకర్స్ అవే’లో కెల్లీ ఆ జెర్రీతోనే జంటనాట్యం చేశాడు కనక మా ఇంట్లో ఎవరికీ పెద్ద తేడా అనిపించేది కాదు. నాతో కూర్చుని చూసింది మా పిన్ని. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుని, పెళ్ళయ్యాక గజ్జెలు అటకెక్కించిన మనిషి. ఇంగ్లీషు మాటలు సగం అర్థమయ్యేవి కాదు, ఆవిడకి వాటి అవసరమూ లేదు.

“ఒరేయ్, ఈయన కెమెరావాడెవడో పద్ధతి తెలిసినవాడు. కాళ్ళు కోసెయ్యట్లేదు” అని ఆస్టేర్‌ని చూస్తూ అంది ఒకసారి. పద్ధతి కెమెరావాడిది కాదు, ఆస్టేర్‌దే. నాట్యం మొదలైతే తల నుంచి పాదం దాకా మనిషి మొత్తం ఫ్రేములో ఉండాలనీ, వీలైనంతవరకు మధ్యలో కట్ చెయ్యకూడదనీ, ప్రేక్షకుల ముఖాలు, విడిగా పాదాల క్లోజప్పులు ఇరికించకూడదనీ ఆయన పట్టు. అంతకుముందు సినిమాల్లో నాట్యాన్ని ముక్కలుగా నరికి చూపించడం మామూలు. ఆయన రంగస్థలం నుంచి వచ్చాడు. ఒంటి మొత్తంలో లయ ఎలా పాకుతుందో అదే నాట్యమని ఆయన లెక్క. ఆ లెక్క మా పిన్నికి కూచిపూడి మాస్టారి దగ్గరే తెలుసు.

అయితే అప్పటి మా టీవీలో ఆ పాదాలు ఉన్నాయంటే ఉన్నాయి. అడుగు చప్పుడు చెవికి తగిలేది కానీ మడమ ఎప్పుడు తాకిందో, మునివేళ్ళు ఎప్పుడు తాకాయో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తోంది. 1940 నాటి ‘బ్రాడ్‌వే మెలడీ’లో ఆస్టేరూ ఎలియనోర్ పావెలూ కలిసి ఆడిన ‘బిగిన్ ద బిగీన్’ చూడండి. అద్దంలాంటి నల్లటి నేల. సంగీతం ఆగిపోయి కాసేపు అడుగుల చప్పుడే మిగులుతుంది. ఇద్దరూ ఒకళ్ళు అడిగితే ఒకళ్ళు చెప్పినట్టు ఆడతారు. పావెల్ అప్పటికే సొంతంగా అడుగులు కూర్చుకునే దిట్ట. జంటలో ఆడదాన్ని తిప్పి చూపించడం మగవాడి పని అనే మర్యాద అక్కడ చెల్లలేదు. మంచి ప్రింటులో చూస్తే ఆస్టేర్ ఆమె పక్కన కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడుతున్నాడా అనిపిస్తుంది. నా అనుమానమే కావచ్చు.

ఇక 1936 నాటి ‘స్వింగ్ టైమ్’. విడిపోబోతున్న ఇద్దరు చివరిసారి కలిసి ఆడే ‘నెవర్ గాన డాన్స్’. నలుపు, తెలుపు, మధ్యలో వెండిరంగు, చెరోవైపు మెట్లు. దాని చివరిభాగం కోసం నలభైకి పైగా టేకులు తీశారనీ, రోజర్స్ పాదాలు ఒరుసుకుపోయి బూట్లలో నెత్తురు చిమ్మిందనీ చెబుతారు. బ్లూ-రేలో ఆ నెత్తురు కనబడుతుందనుకోకండి. కనబడేది వేరు. మెట్లెక్కి పైకి వెళ్ళాక ఆమె ఒకదాని తర్వాత ఒకటి గబగబా చుట్లు తిరుగుతుంది. ఆ చుట్లలో గౌను అంచు ఆమె కన్నా ఒక పిసరు ఆలస్యంగా ఆగుతుంది. ఆగిన చోట ఆమె నిలబడ్డ తీరులో అలసట ఉంది. కథలోని అమ్మాయి అలసటా, నటి అలసటా ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఏది ఎవరిదో విడదియ్యడం మన తరం కాదు.

పదహారేళ్ళ తర్వాత ‘సింగిన్ ఇన్ ది రెయిన్’లో డెబీ రేనాల్డ్స్‌దీ అదే గతి. అప్పటికి ఆమెకి పంతొమ్మిదేళ్ళు, నాట్యం కొత్త. ‘గుడ్ మార్నింగ్’ పాట పొద్దుటి నుంచి రాత్రి దాకా తీసి ముగించేసరికి పాదాలు నెత్తురోడాయి. జీన్ కెల్లీ తనకీ మినహాయింపు ఇచ్చుకోలేదు. వానపాట తీసేటప్పుడు ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ వానలో పాలు కలిపారనే కట్టుకథ ఒకటి ఇప్పటికీ తిరుగుతోంది. పాలూ లేవు, పెరుగూ లేదు. వెనక నుంచి దీపాలు వేసి చినుకు కనబడేలా చేశారు. ఆ దీపాల పనితనం నిజంగా తెలిసేది బొమ్మ తేటపడ్డాకే: చినుకులు దేనికది విడిగా, వెనక దుకాణాల అద్దాల్లో వెలుతురు, తడిసి బరువెక్కిన ఆ ఉన్ని సూటు.

మరి ఇంత తేటగా కనబడే ఈ సినిమా అసలు నెగటివ్ లేదు. అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ముందుజాగ్రత్తగా తీసి ఉంచిన కాపీల నుంచి మళ్ళీ కట్టుకొచ్చారు. ఇది తెలిశాక నాకు రిస్టోరేషన్ అనే పని మీద గౌరవం పెరిగింది. దుమ్ము దులపడం కాదిది, పునర్నిర్మాణం.

అందులో టెక్నికలర్ సంగతి మరీ వింత. 1930ల నడిమి నుంచి 1950ల తొలి సంవత్సరాల దాకా ఆ పెద్ద కెమెరాలో ఒకేసారి మూడు ఫిల్ము పట్టీలు నడిచేవి. లెన్సు వెనక ఉన్న పట్టకం వెలుగుని విడగొట్టి పంపితే, ఎరుపు ఒక పట్టీ మీద, ఆకుపచ్చ ఒకదాని మీద, నీలం మరొకదాని మీద నమోదయ్యేవి. మూడూ నలుపు-తెలుపు నెగటివ్‌లే! రంగు అద్దడం తర్వాత, ప్రింటు వేసేటప్పుడు. ఇంత తతంగానికి సెట్టు మీద విపరీతమైన వెలుతురు కావాలి. ఆ దీపాల వేడిలో సూటు వేసుకుని, టై కట్టుకుని, నవ్వుతూ దూకాలి. నవ్వు సంగతి ఎప్పుడూ తెలుసు గానీ, ఆ వేడి సంగతి తెలిశాక ఆ నవ్వుల విలువ మారింది.

ఆ మూడు పట్టీలూ ఏళ్ళు గడిచేకొద్దీ తలా ఒక తీరున కుదించుకుపోయాయి. మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కలవవు, పెదవి పక్కన ఎర్రటి నీడ, చెయ్యి చుట్టూ పచ్చటి గీత. 2000ల మొదట్లో వార్నర్ వాళ్ళు ఈ మూడింటినీ కంప్యూటర్‌లో విడివిడిగా స్కాన్ చేసి, ఫ్రేము ఫ్రేముకీ అంచులు సరిపెట్టే పద్ధతి కనిపెట్టారు. 1953 నాటి ‘ది బ్యాండ్ వ్యాగన్’ ఇవాళ అంత తేటగా ఉందంటే దాని చలవే. అందులో ఆస్టేరూ సిడ్ షరీసూ రాత్రిపూట పార్కులో నడుస్తూ నడుస్తూ నాట్యంలోకి జారిపోతారు. ఆ పార్కు స్టూడియోలో వేసిన సెట్టే. అది సెట్టని కొత్త ప్రింటు చెప్పేస్తుంది, ఆకులు మరీ చెప్పినట్టు వింటున్నాయి. అయినా ఆమె తెల్లగౌను మడత విప్పుకోవడం చూస్తూ ఆకుల గురించి ఆలోచించేవాడికి నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడో విడ్డూరం ఉంది. ఈ మూడు పట్టీల గోల ఎందుకని 1950ల్లో ఒకే పట్టీతో రంగు తీసే ఈస్ట్‌మన్ కలర్ వచ్చింది. చవక, తేలిక. మన సినిమా పోస్టర్ల మీద కూడా ‘ఈస్ట్‌మన్ కలర్’ అని పెద్దక్షరాల్లో వేసుకుని మురిసిపోయిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఆ రంగు నిలవలేదు. ఏళ్ళు తిరిగేసరికి నీలమూ ఆకుపచ్చా పారిపోయి అంతా గులాబీరంగుకి తిరిగింది. నలుపు-తెలుపులో దాచుకున్న రంగు మాత్రం వెలవకుండా ఉండిపోయింది.

ఉండిపోవాలంటే దాచుకోవాలి కదా. ఎంజీఎం దాచుకుంది. 1960ల నుంచే తన పాత నైట్రేట్ ఫిల్ముల్ని సురక్షితమైన ఫిల్ము మీదికి ఎక్కించే పని పెట్టుకుంది. ఫాక్స్ 1970ల్లో తన టెక్నికలర్ చిత్రాలకి కలర్ కాపీలు తీసుకుని, అసలు మూడు పట్టీలూ పారేసింది. అందుకే 1943లో బస్బీ బర్క్‌లీ తీసిన ‘ది గ్యాంగ్స్ ఆల్ హియర్’లో కార్మెన్ మిరాండా అరటిపళ్ళ టోపీ పెట్టుకుని ఆడిన ఆ వెర్రి వైభవం, ఇవాళ ఎంత బాగుచేసినా ఎంజీఎం రంగుల ముందు వెలవెలబోతుంది. సమాన కష్టం చేసిన మనుషులే. ఏ గోదాములో పడ్డారన్నదాన్ని బట్టి వాళ్ళ కష్టానికి విలువ.

బర్క్‌లీ పేరు వచ్చింది కనక ఒక మాట. ఆయనకీ ఆస్టేర్‌కీ చుక్కెదురు. 1933లో ‘42వ వీధి’, ‘గోల్డ్ డిగ్గర్స్’, ‘ఫుట్‌లైట్ పరేడ్’ మీద మీద వచ్చాయి. కెమెరాని పైకప్పుకెక్కించి, కింద పదుల కొద్దీ అమ్మాయిలతో ముగ్గులు పెట్టించేవాడు. మసక ప్రింట్లలో అవి ముగ్గులుగానే కనబడేవి, నేనూ ముగ్గులుగానే చూసి ఆహా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ముగ్గులో చుక్కకి ముఖం వచ్చింది. వరసలో నాలుగో అమ్మాయి కళ్ళు పక్కకి తిరిగాయి, లెక్క తప్పుతానేమోనని. ఇంకో అమ్మాయి అందరికన్నా ఎక్కువ నవ్వుతోంది, ఎవరైనా గుర్తిస్తారని కాబోలు. అమెరికాలో జనం పనుల్లేక రోడ్డున పడ్డ ఏడాది అది. ఆ వరసలో చోటు దొరకడమంటే కూడు దొరకడం. ఇంత చూశాక ఆ ముగ్గు అందం నాకు మునుపటిలా ఆనడం లేదు, ముఖాలే ఆనుతున్నాయి. బర్క్‌లీ వింటే బాధపడేవాడేమో.

తేటదనం మనకి నచ్చేవాటినే చూపించి ఊరుకోదు. ‘స్వింగ్ టైమ్’లోనే ఆస్టేర్ ముఖానికి నల్లరంగు పూసుకుని ఆడిన పాట ఉంది. నల్లజాతి మహానర్తకుడు బిల్ ‘బోజాంగిల్స్’ రాబిన్సన్‌కి నివాళి అన్నారు. వెనక మూడు పెద్ద నీడలతో పోటీపడే ఆ నాట్యం పనితనానికి వంక పెట్టలేం. కానీ ప్రింటు శుభ్రం చేసేకొద్దీ ఆ మసి ఇంకా నల్లగా కనబడుతుంది. అదే కాలంలో నిజమైన నల్లజాతి నర్తకుల గతి ఏమిటో నికొలస్ సోదరుల్ని చూస్తే తెలుస్తుంది. 1943లో ‘స్టార్మీ వెదర్’ చివర్లో ఆ అన్నదమ్ములిద్దరూ పెద్దపెద్ద మెట్ల మీద ఒకరి మీంచి ఒకరు దూకి, కాళ్ళు రెండువైపులా చాచి నేలకంటా దిగి, చేతులు ఆనించకుండానే పైకి లేస్తారు. అది ఒకే టేకులో వచ్చిందని వాళ్ళు చెప్పుకున్నారు. తను చూసిన నాట్యదృశ్యాల్లో అంత గొప్పది లేదని ఆస్టేరే మెచ్చుకున్నాడట. అయినా వాళ్ళకి కథలో పాత్రలుండేవి కావు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోని హాళ్ళలో కత్తిరించి పారేసినా కథ తెగకుండా వాళ్ళ నాట్యాన్ని విడిగా తగిలించేవారు. కెల్లీ పట్టుబట్టి 1948లో ‘ది పైరేట్’లో తనతో సమానంగా ఆడిస్తే, దాన్నీ కొన్ని ఊళ్ళలో కోసేశారు. కోసెయ్యడానికని అతికించిన ఆ ముక్కల్నే ఇవాళ లోకం మళ్ళీ మళ్ళీ వేసుకుని చూస్తోంది.

బాగుచెయ్యడం ఎంతవరకు అన్న పేచీ ఒకటుంది. 1980ల్లో ఎంజీఎం పాత చిత్రాల హక్కులు టెడ్ టర్నర్ చేతికి వచ్చాక నలుపు-తెలుపు సినిమాలకి రంగులు వేయించడం మొదలుపెట్టాడు. 1987లో జింజర్ రోజర్స్ అమెరికా సెనేట్ సంఘం ముందుకెళ్ళి, ఇది తగదని చెప్పి వచ్చింది. మనం 2010లో ‘మాయాబజార్’కి రంగులు వేసుకుని హాళ్ళకి వెళ్ళి పండగ చేసుకున్నాం. నేనూ వెళ్ళాను, ఘటోత్కచుడి లడ్డూలకి రంగు వచ్చినందుకు సంతోషించాను కూడా. కానీ రోజర్స్ మాటే నాకు సబబుగా తోస్తుంది. మనం మొదట చెప్పుకున్న ఆ ఈకల గౌను నిజానికి నీలం. తెర మీద అది తెలుపు. ఆ నీలం నలుపు-తెలుపు ఫిల్ము మీద ఎంత వెలుగుగా పడుతుందో తెలిసిన మనుషులు, ఆయన నల్లకోటు పక్కన అలా వెలగాలని తీశారు. నీలం వేస్తే నిజం వస్తుంది, సినిమా పోతుంది. అలాగే ఫిల్ముకి సహజంగా ఉండే గరుకుని కూడా మచ్చలనుకుని కంప్యూటర్‌తో తుడిచేసే అతి శుభ్రం ఒకటుంది. తుడిచాక నర్తకుల ముఖాలు మైనపుబొమ్మల ముఖాల్లా తేలతాయి. వాళ్ళ చెమట కూడా పోతుంది.

చప్పుడు విషయం కూడా చెప్పాలి. ఆ టకటకలు చాలావరకు షూటింగప్పటివి కావు. తర్వాత విడిగా స్టూడియోలో బొమ్మ చూస్తూ మళ్ళీ అడుగులేసి రికార్డు చేసినవి. ఆర్‌కేఓ స్టూడియోలో ఆస్టేర్‌తో ఆడిన సినిమాల్లో రోజర్స్ అడుగుల చప్పుడు నాట్యదర్శకుడు హెర్మీస్ పాన్ కాళ్ళది. ‘సింగిన్ ఇన్ ది రెయిన్’ కథే గొంతు అరువిచ్చే అమ్మాయి గురించి. కథలో జీన్ హేగన్ పాత్రకి డెబీ రేనాల్డ్స్ పాత్ర డబ్బింగు చెబుతుంది కదా, ఆ డబ్బింగు మాటలు నిజానికి హేగన్ సొంత గొంతే, ‘వుడ్ యూ?’ పాట పాడింది బెట్టీ నోయిస్ అనే మూడో ఆవిడ. ‘ది బ్యాండ్ వ్యాగన్’లో షరీస్‌కి పాడింది ఇండియా ఆడమ్స్. ఆమె షరీస్ కోసం పాడిన ఒక పాట సినిమాలోంచి తీసేస్తే, అదే రికార్డింగుని అదే ఏడాది ‘టార్చ్ సాంగ్’లో జోన్ క్రాఫర్డ్ పెదవులకి తగిలించారు. డబ్బింగు గొంతులతోనూ నేపథ్యగానంతోనూ పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి ఇందులో దిగ్భ్రమ ఏమీ కలగదు. మనకున్న తేడా ఒక్కటే: మనం మన గాయకుల పేర్లు రేడియోలో చెప్పుకున్నాం, హాలీవుడ్‌వాళ్ళు దాచిపెట్టారు.

ఈ మధ్య పిన్ని మా ఇంటికి వచ్చినప్పుడు 1951 నాటి ‘రాయల్ వెడ్డింగ్’ వేశాను. దాని కాపీరైటు గడువులో పొడిగించుకోకపోవడంతో ఎవరు పడితే వాళ్ళు నాసిరకం ప్రింట్లతో అమ్మేశారు. ఆస్టేర్ గోడెక్కి, పైకప్పు మీద తలకిందులుగా ఆడే పాట ఆ ప్రింట్లలో బురదలో ఆడినట్టుండేది. గుట్టు ఇప్పుడు అందరికీ తెలిసిందే: గది మొత్తాన్ని ఒక పెద్ద డ్రమ్ములో బిగించి తిప్పారు, కెమెరాని గదికే కట్టేశారు. గది తిరుగుతుంటే ఆయన ఎప్పుడూ కిందే నిలబడి ఉన్నాడు. కొత్త ప్రింటులో పిన్ని దాన్ని రెండు నిమిషాల్లో కనిపెట్టేసింది.

“కోటు చూడరా. నిజంగా తలకిందులైతే కోటు మెడ మీద పడాలి కదా” అంది.

గది తిప్పే సంగతి చెప్పాను. గుట్టు తెలిసిపోయింది కదా, ఆపెయ్యనా అన్నాను.

“తెలిస్తే ఏం? నేల కదులుతుంటే తాళం తప్పకుండా అడుగేశాడే, అది చూడు. మా మాస్టారు పళ్ళెం అంచు మీద నిలబెడితేనే మాకు ప్రాణాలు పోయేవి.”

మళ్ళీ వేశాను. గోడ నుంచి పైకప్పుకి మారే చోట ఆయన బరువు ఏ కాలి మీంచి ఏ కాలి మీదికి వెళ్ళిందో ఇద్దరం కళ్ళు చిట్లించి చూశాం. ఆపి చూద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు, ఆపితే అది ఫోటో అయిపోతుంది గానీ అడుగు కాదంది. నిజమే, ఆ అడుగు బొమ్మ కదులుతున్నంతసేపే ఉంది. మూడోసారికి కుడికాలే అని ఆవిడ, ఎడమకాలని నేను. నాలుగోసారికి రిమోట్ ఆవిడ చేతిలోకి వెళ్ళిపోయింది.